ఒక కన్ను, మూడు కాళ్లు, మూడు సెకన్లు

ఫెండర్ చాంప్ గిటార్ యాంప్లిఫైయర్ లోపల పెద్దగా ఏమీ ఉండదు. మూడు వాల్వులు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, ఒకే ఒక్క వాల్యూమ్ కంట్రోల్, డజనుకు అటూ ఇటూ రెసిస్టర్లు, ఓ గుప్పెడు కండెన్సర్లు. నేను చెప్పబోయేది 1950ల రెండో సగంలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్లో తయారైన 5ఎఫ్1 చాంప్ గురించి. ఆ నంబరులో 5 అంటే యాభైల దశాబ్దం, ఎఫ్ అంటే సర్క్యూట్ ఎన్నో సవరణో తెలిపే గుర్తు, 1 అంటే చాంప్. ఇచ్చేది 5 వాట్లు, స్పీకరు 8 అంగుళాలది. గిటార్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చవగ్గా చేసిన యాంప్ ఇది. 1970లో ఎరిక్ క్లాప్టన్ ‘లైలా’ ఆల్బమ్ రికార్డింగులో చాంప్ వాడాక దాని పేరు ఎక్కడికో వెళ్లింది. దాని నాదం గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నన్ను పట్టి నిలబెట్టేది మాత్రం అందులోని సోల్డరింగ్. ముఖ్యంగా, ఒక్కో జాయింటు వేస్తున్నప్పుడు పక్కనున్న సున్నితమైన భాగానికి వేడి తగలకుండా దాన్ని అతికించిన చేతులు ఎలా కాపాడాయన్నది.

భాగాలన్నీ బిగించే లోహపు చట్రాన్ని, అంటే షాసీని, తిరగేస్తే నల్లటి ఫైబర్ పలక ఒకటి కనిపిస్తుంది, మైనం పట్టించినది. దాని రెండంచుల వెంట వరసగా ఇత్తడి కన్నులు బిగించి ఉంటాయి. వాటినే ఐలెట్లంటారు. రెసిస్టర్లూ కండెన్సర్లూ ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా పడుకుని ఉంటాయి. ఒక్కోదాని కాళ్లు రెండు వైపులా ఐలెట్లలోకి దిగుతాయి. అదే కన్నులోకి వాల్వు సాకెట్టు నుంచి ఓ వైరు, పక్క కండెన్సరు నుంచి ఇంకో కాలు వచ్చి చేరతాయి. అన్నీ చేరాక కన్ను నిండా టంకం పోస్తారు. యాంప్‌లోని తీగల కలయికలు చాలా వరకు ఇలాంటి కన్నుల్లోనే జరుగుతాయి.

ఆ పలక మీద పడుకున్నవాటికి వేడంటే ఒక్కోదానికి ఒక్కో రకం భయం. ఆనాటి రెసిస్టర్లు కార్బన్ కాంపొజిషన్ రకం. కార్బన్ పొడిని జిగురులాంటి రెజిన్‌తో కలిపి, ఒత్తి, గట్టి తొడుగులో పెట్టినవి. ఎక్కువసేపు కాలిస్తే లోపలి ఆ మిశ్రమం స్వభావం మారుతుంది, విలువ శాశ్వతంగా జరిగిపోతుంది. పైకి మచ్చ కూడా పడదు, మీటరు పెడితే తప్ప తెలియదు. ఫిల్మ్ కండెన్సర్లలో పాలీస్టైరీన్ రకం అన్నిటికంటే సుకుమారం. ఆ ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌కే మెత్తబడుతుంది. పాలీప్రొపిలీన్ 160 దాటాక కరుగుతుంది, పాలియెస్టర్ 250 వరకూ తట్టుకుంటుంది. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లో ద్రవం ఉంటుంది, మూతి దగ్గర సీలు ఉంటుంది. కాలు వెంట వేడి పాకితే ముందు దెబ్బతినేది ఆ సీలే. వాల్యూమ్ కంట్రోల్ లోపల కార్బన్ పట్టీ ఉంటుంది, తిరిగే కడ్డీకి గ్రీజు ఉంటుంది. వీపు మీద సోల్డరింగ్ ఐరన్ అదేపనిగా ఆనిస్తే గ్రీజు కరిగి పట్టీ మీదికి పారుతుంది. ఆ తర్వాత నాబ్ తిప్పినప్పుడల్లా గరగర.

ఇప్పుడు టంకం సంగతి. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిపిన టంకం సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం లేని కొత్త రకాలకు 217 నుంచి 220 కావాలి. అది బాగా పారి లోహానికి అంటుకోవాలంటే ఐరన్ కొన, అంటే బిట్, 350 డిగ్రీల చుట్టూ ఉండాలి. 100 డిగ్రీలకే మెత్తబడే ప్లాస్టిక్‌కు వేలెడు దూరంలో 350 డిగ్రీల ఇనుము పెట్టి చేసే పని ఇది. అందుకే కొత్తగా మొదలుపెట్టినవాళ్లు చేయి వెనక్కి లాగుతారు. చిన్న ఐరన్, సన్న బిట్, తక్కువ వేడి ఎంచుకుని, దాన్నే జాగ్రత్త అనుకుంటారు. కీడు అక్కడే మొదలవుతుంది.

సన్న బిట్‌ను ఇత్తడి కన్నుకు ఆనించగానే దానిలో ఉన్న కొద్దిపాటి వేడినీ ఇత్తడి లాగేసుకుంటుంది. టంకం కరగదు. ఐరన్ అక్కడే పెట్టి ఎదురుచూస్తారు. ఐదు సెకన్లు, పది, పదిహేను. ఈలోపు రాగి కాళ్ల వెంట వేడి నింపాదిగా లోపలికి నడుస్తూనే ఉంటుంది. కన్ను 183 చేరేసరికి రెసిస్టరు ఒళ్లంతా కాగిపోయి ఉంటుంది. అదే పెద్ద ఉలి బిట్, నిండా వేడి ఉన్న ఐరన్ అయితే కన్ను ఒక్క సెకనులో కాగుతుంది, రెండో సెకనులో టంకం పారుతుంది, మూడో సెకనుకు ఐరన్ పైకి లేస్తుంది. కాళ్ల వెంట వేడి సగం దూరం నడవకముందే పని అయిపోతుంది. రాయి పొదిగిన నగకు మాటు పెట్టే కంసాలికి ఈ లెక్క వంటబట్టి ఉంటుంది, టంకం పారిన క్షణానికి అతని ఊదుగొట్టం పక్కకు తప్పుకుంటుంది. భాగాన్ని కాపాడేది వేడి తగ్గించడం కాదు, వేడి ఉండే సేపు తగ్గించడం. ఈ పనిలో ఉన్న చాకచక్యమంతా ఆ సేపు తగ్గించడానికే ఖర్చవుతుందని నా నమ్మకం.

సెకన్లు ఎక్కడెక్కడ ఆదా అవుతాయో చూడాలంటే ఒకే ఒక్క కన్ను తీసుకుందాం. చాంప్‌లో మొదటి వాల్వు 12ఏఎక్స్7. ఒకే గాజుబుడ్డిలో రెండు వాల్వులు ఇమిడి ఉంటాయి. అందులో రెండో సగం ప్లేటుకు సంబంధించిన కన్నులో మూడు కాళ్లు కలుస్తాయి. కరెంటు అందించే 100కె రెసిస్టరుది ఒకటి, గిటార్ సిగ్నల్‌ను పవర్ వాల్వుకు దాటించే 0.02 మైక్రోఫారడ్ కండెన్సరుది ఇంకొకటి, సాకెట్టుకు పోయే వైరు మూడోది. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా అతికిస్తే మొదట అతికిన రెసిస్టరు మూడుసార్లు కాలుతుంది. మంచి చేయి అలా చేయదు. మూడూ కన్నులో దిగేవరకు టంకం జోలికే పోదు. కాళ్లు వంచేటప్పుడు కూడా రెసిస్టరు ఒంటిని ఆనుకుని వంచదు. కొంచెం దూరం వదిలి వంచుతుంది. అలా వదిలిన రాగి ముక్క ఒంటిమీద లాగుడు పడకుండా చూస్తుంది, వేడి నడవాల్సిన దారినీ పొడిగిస్తుంది.

ఇక ఐరన్. బిట్ చదునైన పక్కను కన్ను అంచుకూ కాళ్లకూ ఒకేసారి తగిలేలా ఆనిస్తారు. బిట్ మీద ముందే తడి మెరుపులా కొంచెం టంకం ఉండాలి. ఎండిపోయిన లోహం లోహాన్ని ఒక చుక్కంత మేరే తాకుతుంది. కరిగిన టంకం మధ్యలో ఉంటే తాకే వైశాల్యం పెరిగి, వేడి ఒక్కసారిగా దిగుతుంది. సోల్డర్ వైరును బిట్ మీద కాక, ఎదుటి వైపు నుంచి కన్నుకు ఆనించాలి. అక్కడ కరిగిందంటే కన్ను మొత్తం కాగిందని అర్థం. వైరు లోపలి రోజిన్ ఫ్లక్స్ ముందు పారి, తీగల మీది తుప్పు పొరను కడుగుతుంది. దాని వెనకే టంకం కన్నులోకి దిగి, కాళ్ల చుట్టూ పాకి, అంచుల దగ్గర లోపలికి వంగి ఆగుతుంది. ఐరన్ తీసేయాలి. ఆ తర్వాత గడ్డకట్టే ఒకటి రెండు సెకన్లు ఏదీ కదలకూడదు. కదిలితే పైకి మసకగా, గరుకుగా కనిపించే డ్రై సోల్డర్ అవుతుంది. దాన్ని సరిచేయాలంటే మళ్లీ కాల్చాలి, అంటే మూడు భాగాలకూ మళ్లీ శిక్ష.

సెకన్లు ఆదా చేసే అసలు పని ఐరన్ పట్టుకోకముందే జరుగుతుంది. ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉన్న రెసిస్టరు కాళ్లు నల్లబడి ఉంటాయి. ఆ పొర మీద టంకం నిలవదు, పూసలా దొర్లిపోతుంది. దొర్లుతున్నకొద్దీ మనిషి ఐరన్ అదిమి పెడతాడు. బ్లేడుతోనో సన్న గరుకు కాగితంతోనో కాళ్లు గీకి మెరిపించుకుంటే టంకం తాకీ తాకగానే అంటుకుంటుంది. శుభ్రమైన కాలుకు మించిన రక్షణ కవచం నేను చూడలేదు. దీనికి పైసా ఖర్చు లేదు, ఓపిక ఉంటే చాలు.

పలక నిర్మాణంలోనే కొంత రక్షణ ఉంది. రెసిస్టరు ఒళ్లు పలక మధ్యలో ఉంటుంది, టంకం అంచున పడుతుంది. రెంటి మధ్య సన్నటి కాలు గాలిలో చల్లారుతూ ఉంటుంది. వైర్లకు ప్లాస్టిక్ తొడుగు కాదు, నూలు బట్ట తొడుగు. పీవీసీ అయితే ఐరన్ దగ్గరికి రాగానే ముడుచుకుని వెనక్కి పోతుంది, వైరు బోడిగా బయటపడుతుంది. నూలు తొడుగు కరగదు. పైగా దాన్ని ఒలవనక్కర్లేదు. వేలితో వెనక్కి నెడితే కావలసినంత రాగి బయటికి వస్తుంది, టంకం పెట్టాక తొడుగును జాయింటు దాకా ముందుకు జరిపితే సరిపోతుంది. వాల్వులైతే ఐరన్‌కు ఎదురుపడనే పడవు. సాకెట్టుకు మాత్రమే టంకం పడుతుంది, అంతా చల్లారాక వాల్వును గుచ్చుతారు. యాంప్‌లో ఖరీదైన, సున్నితమైన భాగాలను వేడి నుంచి పూర్తిగా తప్పించిన ఏర్పాటు అది. వాల్వు కాలిపోతే మార్చుకోవాలని పెట్టిన సాకెట్టు ఈ మేలు కూడా చేసిపెట్టింది.

లియో ఫెండర్ 1938లో ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టి బతికినవాడు. రిపేరు చేసేవాడి కష్టం ఎరిగిన మనిషి గీసిన లేఅవుట్ ఇది. ఫెండర్ తన సర్క్యూట్ బొమ్మతో పాటు ఏ భాగం పలక మీద ఎక్కడ పడుకోవాలో చూపే లేఅవుట్ బొమ్మనూ గీయించేవాడు. ఆ బొమ్మను లోహంలోకి దించినవాళ్లు ఫ్యాక్టరీలో పనిచేసిన స్త్రీలు. చాలామంది మెక్సికన్ మూలాలున్న కుటుంబాలవాళ్లు. ఆనాటి షాసీలు విప్పితే చాలాసార్లు లోపల ఓ మాస్కింగ్ టేపు ముక్క అంటించి ఉంటుంది, దాని మీద ఆ షాసీకి వైరింగ్ చేసిన అమ్మాయి పేరు చేత్తో రాసి ఉంటుంది. క్యాబినెట్ లోపల అంటించిన వాల్వుల పట్టిక మీద రెండక్షరాల ముద్ర వేరే ఉంటుంది. మొదటి అక్షరం ఏడాది, రెండోది నెల. ‘హెచ్ డి’ అని ఉంటే 1958 ఏప్రిల్.

టేపు మీది ఆ పేరు పక్కన పెట్టుకుని జాయింట్లు చూడండి. రోజంతా అదే బల్ల ముందు కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి పెట్టినవి. అయినా కన్నుల్లో టంకం ఎక్కడా పొంగి పలక మీదికి ఒలకలేదు, ఎక్కడా కన్ను సగం ఖాళీగా లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ జాయింట్లలో అత్యధిక భాగం గట్టిగా నిలిచి, సిగ్నల్‌ను మోస్తూనే ఉన్నాయి. ఒక జాయింటు ఎంతసేపు కాలిందో దాని ఆకారం చెబుతుంది. ఎక్కువసేపు కాలిన చోట ఫ్లక్స్ నల్లగా మాడి ఉంటుంది, మైనం పట్టించిన పలక చుట్టూ రంగు మారి ఉంటుంది. తగినంత కాలిన చోట ఫ్లక్స్ తేనె రంగులో, పలుచగా, గాజులా ఉంటుంది. మంచి షాసీలో వరసగా అన్ని కన్నుల చుట్టూ ఆ తేనె రంగే. మళ్లీ మళ్లీ ఒకే కొలతలో సెకన్లు లెక్కపెట్టగలిగిన చేతులకే అది సాధ్యం. గిటార్ చరిత్రలో ఆ స్త్రీల గురించి దొరికేది చాలా తక్కువ. టేపు మీద ఓ పేరు, ఇదిగో ఈ టంకం.

అన్ని చోట్లా ఒకే ఐరన్ పనికిరాదు. తర్వాతి కాలపు ఫెండర్ యాంప్‌లలో కొన్ని ఎర్త్ వైర్లను నేరుగా ఉక్కు షాసీకే అతికించారు. కంట్రోళ్ల వెనక ఇత్తడి రేకు పెట్టి దానికీ అతికించారు. ఉక్కు షాసీ ఎంత వేడినైనా మింగేస్తుంది. అక్కడ 25 వాట్ల ఐరన్ అరగంట పెట్టినా టంకం అంటదు. 100 వాట్లు, అంతకు మించిన పెద్ద ఐరన్ కావాలి, దాని రాగి బిట్ బరువుగా ఉండాలి. ముందే కాగి ఉన్న ఆ బరువులోని వేడి ఒక్క ఉదుటున దిగుతుంది. సొంతంగా యాంప్ కట్టుకునేవాళ్లు ఈ బరువు పని ముందే ముగించుకోవడం మేలు. భాగాలతో నిండిన పలక షాసీలోకి ఎక్కకముందే ఉక్కు మీద టంకం పడిపోతే, ఆ మహా వేడికి రెసిస్టర్లు దరిదాపుల్లో ఉండవు. వాల్యూమ్ కంట్రోల్ వీపు మీద అతికించాల్సి వచ్చినా ఇదే పద్ధతి. వీపును ముందు కాస్త గీకి, పెద్ద బిట్‌తో ఓ టంకం మచ్చ వేసి, పూర్తిగా చల్లారనిచ్చి, తర్వాత వైరు తెచ్చి ఆ మచ్చలో అద్దాలి. రెండుసార్లు కాల్చినట్టు కనిపిస్తుంది కానీ, రెండుసార్లూ కొద్ది క్షణాలే.

బిట్ వేడిని ఒక స్థాయిలో నిలపడానికి వెల్లర్ కంపెనీ మాగ్నాస్టాట్ ఐరన్‌లో చేసిన ఏర్పాటు చూస్తే ముచ్చటేస్తుంది. బిట్ అడుగున ప్రత్యేక మిశ్రమ లోహపు బిళ్ల ఒకటి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది అయస్కాంతాన్ని ఆకర్షించి స్విచ్ ఆన్ చేస్తుంది. ఒక నిర్ణీత వేడికి చేరగానే ఆ లోహానికి ఆకర్షించే గుణం పోతుంది, అయస్కాంతం వెనక్కి వచ్చేస్తుంది, ‘టక్’మని స్విచ్ ఆఫ్ అవుతుంది. 7 అంకె ఉన్న బిట్ అయితే 700 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 370 సెల్సియస్. వేడి మార్చాలంటే బిట్ మార్చాలి. మీటరు లేదు, తిప్పే నాబ్ లేదు. పెద్ద జాయింటు మీద పెట్టగానే వేడి పడిపోయి ‘టక్’మని మళ్లీ ఆన్ అయ్యే చప్పుడు వింటే, లోహం ఎంత వేడి తాగుతోందో చెవికే తెలుస్తుంది.

వాల్వుల దగ్గర్నుంచి ట్రాన్సిస్టర్ల దగ్గరికి వస్తే కథ కఠినమవుతుంది. 1966లో లండన్‌లో ఆర్బిటర్ సంస్థ ఫజ్ ఫేస్ అనే గిటార్ పెడల్ తెచ్చింది, జిమీ హెండ్రిక్స్ దాన్ని లోకానికి వినిపించాడు. తొలి రోజుల్లో అందులో ఉన్నవి రెండు జర్మేనియం ట్రాన్సిస్టర్లు. సిలికాన్ జంక్షన్ 150 డిగ్రీలు తట్టుకుంటే, జర్మేనియంకు చాలా డేటా షీట్లు 100 డిగ్రీలు కూడా దాటనివ్వవు. ఇక్కడ ఒట్టి వేగం సరిపోదు, క్లిప్ కావాలి. ట్రాన్సిస్టరు ఒంటికీ టంకం పడే చోటుకూ నడుమ కాలిని ఒక రాగి లేక అల్యూమినియం క్లిప్ కరిచి పట్టుకుంటుంది. కాలి వెంట వచ్చే వేడి ఒంటి దాకా పోకుండా క్లిప్‌లోకి మళ్లుతుంది. క్లిప్ లేకపోతే ముక్కు పట్టకారు పిడులకు రబ్బరు బ్యాండు చుడితే అదే కరిచి పట్టుకుని ఉంటుంది. ఇందులో రెండు కిటుకులున్నాయి. క్లిప్‌ను జాయింటుకు మరీ దగ్గర పెడితే అది జాయింటు వేడినే దోచుకుంటుంది, టంకం అంటక ఐరన్ ఎక్కువసేపు ఆనించాల్సి వస్తుంది. కాబట్టి ఒంటి వైపు జరిపి పెట్టాలి. రెండోది, ఐరన్ తీయగానే క్లిప్ తీసేయకూడదు. జాయింటులో మిగిలిన వేడి ఆ తర్వాత కూడా కాలి వెంట నడుస్తుంది. పూర్తిగా చల్లారేదాకా అది అక్కడే ఉండాలి. చాలామంది దీనికంటే మంచి దారి పట్టారు. పలక మీద చిన్న సాకెట్టుకే టంకం పెట్టి, ట్రాన్సిస్టరును తర్వాత గుచ్చుతారు, చాంప్‌లో వాల్వుకు జరిగినట్టే.

ఇప్పటి సిలికాన్ ఐసీలు మొండివి. టీఎల్072 లాంటి ఆప్‌యాంప్ డేటా షీటు, ఒంటికి 1.6 మిల్లీమీటర్ల దూరంలో 260 డిగ్రీలు 10 సెకన్ల పాటు ఉండొచ్చని రాస్తుంది. 10 సెకన్లంటే సాధన ఉన్న చేతికి చాలా ఎక్కువ.

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో పెడల్ కిట్లకూ చిన్న యాంప్‌లకూ కావలసిన సరుకు కొనుక్కునే కుర్రాళ్లు ఎక్కువగా తీసుకెళ్లేది వేడి అదుపు లేని 25 వాట్ల ఐరన్. రాగి దారులు అచ్చు వేసిన సర్క్యూట్ పలక, అంటే పీసీబీ, మీద చిన్న జాయింట్లకు అది చాలు. సన్న బిట్ తీసేసి ఉలి బిట్ వేసుకుని, తడి స్పాంజీ మీద తుడిచి, ప్రతిసారీ బిట్‌కు తాజా టంకం తడి పట్టిస్తే ఆ ఐరన్‌తోనే తేనె రంగు జాయింట్లు వస్తాయి. పీసీబీ మీద మాత్రం మరో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి రాగి రేకు మందం సాధారణంగా 35 మైక్రాన్లు, అది పలకకు జిగురు పట్టుతో అంటి ఉంటుంది. ఎక్కువ కాలిస్తే భాగం కంటే ముందు ఆ రేకే లేచొస్తుంది. ఇత్తడి కన్నుకు ఆ బెంగ లేదు.

పాత చాంప్‌కు తప్పక వచ్చే రిపేరు ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు మార్చడం. ప్లగ్ పీకేసినా ఆ కండెన్సర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉండొచ్చు. రెసిస్టరు ద్వారా దాన్ని దించి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చేయి పెట్టాలి. అసలు పని అప్పుడు మొదలవుతుంది. పాత టంకం గట్టిపడి, పైన తుప్పు కట్టి ఉంటుంది. ఒట్టి ఐరన్ పెడితే అది కదలదు. ముందు కొంచెం కొత్త టంకం తగిలిస్తే అందులోని ఫ్లక్స్‌తో పాతదంతా ఒక్కసారిగా కరుగుతుంది. అదే క్షణంలో చచ్చిన కండెన్సరు కాలును పట్టకారుతో పైకి లాగాలి. ఆ కన్నులోనే పాత కార్బన్ రెసిస్టరు కాలు ఉంటే దానికి ముందే ఓ క్లిప్ తగిలించాలి.

పని తెలిసినవాళ్లు ఐరన్ పెట్టకముందే వాల్వులు తీసేసి ఆ రెసిస్టరు విలువ కొలిచి కాగితం మీద రాసుకుంటారు. 100కె అని ముద్ర ఉన్నది వయసు మీద పడి 112కె చూపించవచ్చు. అది ఆ రెసిస్టరు పాత లెక్క, దాన్ని అలాగే వదిలేస్తారు. కొత్త కండెన్సరు పెట్టి, టంకం పోసి, అంతా గది వేడికి దిగాక మళ్లీ కొలుస్తారు. అప్పుడూ 112 చూపిస్తే ఆ కన్ను పని పూర్తయినట్టు.